ది డ్యామ్డ్: మనుషులు మారుతూ వచ్చిన ఈ బృందాన్ని ఎక్కడి నుంచి వినిపించాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మేము కొద్దిమంది మిత్రులం నెలకొక సాయంకాలం ఒకరి ఇంట్లో కూర్చుని, ఏదో ఒక బృందం పాటలను తొలినాటి నుంచి వరుసగా వింటూ, వాటి వెనుక చరిత్రను చెప్పుకుంటూ ఉంటాము. మాలో సగం మంది ఇంట్లో ఒడియా మాట్లాడేవారు, తక్కినవారు తెలుగువారు. చాలామంది చెవులు పద్య నాటకాలకూ, హార్మోనియానికీ, సినిమా పాటలకూ అలవాటు పడినవి కనుక, విదేశీ సంగీతాన్ని వినిపించే రోజున వక్త కొంత ముందస్తు పరిచయం చేయవలసి ఉంటుంది. వచ్చే నెల ఆ బాధ్యత నాది. నేను ఎంచుకున్నది ఇంగ్లండుకు చెందిన పంక్ రాక్ (వేగంగా, మోతగా, ఆడంబరం లేకుండా వాయించే రాక్ సంగీతం) బృందం ది డ్యామ్డ్.

నేను సిద్ధం చేసుకున్న కథ క్లుప్తంగా ఇది. 1976లో లండన్‌లో గాయకుడు డేవ్ వేనియన్, గిటారు వాయించే బ్రయాన్ జేమ్స్, మంద్ర స్వరాలు పలికే బేస్ గిటారు వాయించే కెప్టెన్ సెన్సిబుల్, డ్రమ్స్ వాయించే రాట్ స్కేబీస్ కలిసి ఈ బృందాన్ని ప్రారంభించారు. ఆ ఏడాది జూలై 6న లండన్‌లోని హండ్రెడ్ క్లబ్ అనే సంగీత వేదికలో, సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం ప్రదర్శనకు ముందు తొలిసారి వేదిక ఎక్కారు. అక్టోబర్ 22న స్టిఫ్ రికార్డ్స్ సంస్థ ద్వారా వెలువడిన వీరి 'న్యూ రోజ్' బ్రిటిష్ పంక్ బృందాలు విడుదల చేసిన సింగిల్ (ఒకటి రెండు పాటల) రికార్డులలో మొదటిదిగా పేరు పొందింది. 1977 ఫిబ్రవరిలో వచ్చిన 'డ్యామ్డ్ డ్యామ్డ్ డ్యామ్డ్' ఆ తరం బ్రిటిష్ పంక్ ఆల్బమ్‌లలో మొదటిది. అక్కడి వరకు నాకు ఇబ్బంది లేదు. ఆ తరువాతే కథ చేతికి చిక్కడం లేదు, ఎందుకంటే 1977 మొదలుకొని ఈ బృందంలో ఒకరు వెళ్లడం, ఒకరు రావడం, వెళ్లినవారే తిరిగి రావడం ఎంతగా జరిగిందంటే, పేర్లు చదువుతూ పోతే శ్రోతలకు అది రైల్వే రిజర్వేషన్ జాబితాలా వినిపిస్తుందేమోనన్న భయం కలుగుతోంది.

ఇప్పుడు నా ప్రశ్న. ముందుగా ఈ విషయం చెప్పగానే మా మిత్రులలో ఒకరు, పెద్దవారు, ఇలా అడిగారు: "పాటలు రాసిన మనిషే రెండేళ్లలో వెళ్లిపోతే, మిగిలినవారు అదే పేరుతో వాయించిన దానిని అదే బృందం అనడం న్యాయమేనా?" నాకు వెంటనే సమాధానం తోచలేదు. రెండు గంటల సమయంలో ఈ బృందపు ఏ దశ నుంచి మొదలుపెట్టి, ఏ దశ దగ్గర ఎక్కువసేపు నిలవాలి? మారిన మనుషుల కథను జాబితాగా మారకుండా ఎలా చెప్పాలి? ఈ సంగీతాన్ని శ్రద్ధగా విన్నవారు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.


రుషికుల్య (బరంపురం)

మహేంద్రతనయ గారికి నమస్కారం. మీ మిత్రులు అడిగినది చాలా సరైన ప్రశ్న, దానిని పక్కన పెట్టకుండా కార్యక్రమానికి దానినే ఆధారం చేసుకోండి.

ముందు మొదటి దశ గురించి కొన్ని వివరాలు. తొలి ఆల్బమ్‌లోని పాటలు దాదాపు అన్నీ బ్రయాన్ జేమ్స్ రాసినవే. ఆయన అంతకుముందు లండన్ ఎస్ఎస్ అనే బృందంలో, తరువాత ది క్లాష్ అనే పంక్ బృందాన్ని ప్రారంభించిన మిక్ జోన్స్‌తో కలిసి సాధన చేసినవాడు. కెప్టెన్ సెన్సిబుల్, రాట్ స్కేబీస్ ఇద్దరూ క్రాయిడన్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ అనే కచేరీ మందిరంలో చిన్న ఉద్యోగాలు చేస్తూ ఉన్నవారు. వేనియన్ శ్మశానంలో గోతులు తవ్వే పని చేసినవాడు, వేదిక మీద నల్లని దుస్తులతో, పాలిపోయిన ముఖంతో కనిపించే ఆయన రూపానికి ఆ జీవితంతో సంబంధం ఉన్నదని శ్రోతలకు చెబితే వారు ఆసక్తితో వింటారు. నలుగురిలో ఎవరికీ పలుకుబడి లేదు, డబ్బు లేదు. స్టిఫ్ రికార్డ్స్ కూడా అదే ఏడాది డేవ్ రాబిన్సన్, జేక్ రివియెరా కొద్దిపాటి పెట్టుబడితో ప్రారంభించిన సంస్థ. నిక్ లో అనే సంగీతకారుడు నిర్మాణ బాధ్యత వహించగా, ఇజ్లింగ్టన్‌లోని పాత్‌వే అనే ఇరుకైన ఎనిమిది ట్రాకుల స్టూడియోలో రికార్డు చేశారు. పెద్ద సంస్థలతో ఒప్పందాల కోసం తక్కిన బృందాలు వేచి చూస్తుండగా వీరి రికార్డు ముందుగా బజారులోకి రావడానికి కారణం ఈ చిన్నతనమే. సెక్స్ పిస్టల్స్ తొలి సింగిల్ దీని తరువాత అయిదు వారాలకు, నవంబర్ 26న వచ్చింది.

'న్యూ రోజ్'ను వినిపించేటప్పుడు మొదటి అర నిమిషాన్ని రెండుసార్లు వినిపించండి. వేనియన్ గొంతులో ఒక వాక్యం, వెంటనే స్కేబీస్ డ్రమ్స్, ఆ తరువాత జేమ్స్ గిటారు. ఆ డ్రమ్స్ తాళాన్ని నిలబెట్టి ఊరుకోవు, పాటను ముందుకు తోస్తాయి. మన నాటకాల మృదంగానికి అలవాటు పడిన చెవికి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.

రెండవ ఆల్బమ్ దగ్గర ఎక్కువసేపు నిలవవద్దు. 1977 నవంబర్‌లో వచ్చిన 'మ్యూజిక్ ఫర్ ప్లెజర్' కోసం వారు పింక్ ఫ్లాయిడ్ పూర్వ సభ్యుడు సిడ్ బారెట్‌ను నిర్మాతగా కోరుకున్నారు, అది కుదరక అదే బృందపు డ్రమ్మర్ నిక్ మేసన్ ఆ పని చేశాడు. లూ ఎడ్మండ్స్ రెండవ గిటారిస్టుగా చేరాడు. ఒక పాటలో లాల్ కాక్స్‌హిల్ శాక్సాఫోన్ వాయించాడు. రికార్డు ఆదరణ పొందలేదు. స్కేబీస్ వెళ్లిపోయాడు, ఆయన స్థానంలో కొంతకాలం జాన్ మాస్ డ్రమ్స్ వాయించాడు, ఈయనే తరువాత కల్చర్ క్లబ్ అనే పాప్ బృందంలో ప్రసిద్ధుడయ్యాడు. 1978 ఆరంభంలో బృందం విడిపోయింది.

ఇక మీ మిత్రుల ప్రశ్న. మా గంజాం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఆడే జట్లను ఊరి పేరుతోనే పిలుస్తారు. హిరణ్యకశిపుడి వేషం కట్టే మనిషి మారినా, గాయకుడు మారినా, జట్టు ఆ ఊరి జట్టుగానే ఉంటుంది, ఎవరూ దానిని మోసం అనుకోరు. కానీ ఆ పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు, ఎందుకంటే అక్కడ పాఠం స్థిరంగా ఉంటుంది, వేషధారి మాత్రమే మారతాడు. డ్యామ్డ్ విషయంలో పాఠం రాసినవాడే వెళ్లిపోయాడు. కనుక 1979 తరువాతి డ్యామ్డ్ పాత పాటలను కొత్తవారితో ఆడుతున్న జట్టు కాదు. పాత పేరు కింద కొత్త రచన మొదలైంది. అది న్యాయమా కాదా అన్నది ఆ కొత్త రచన నాణ్యత మీద ఆధారపడుతుంది. నా దృష్టిలో తొలి ఆల్బమ్‌కు ఉన్న ఏకాగ్రత వారికి మళ్లీ ఎప్పుడూ రాలేదు, మీ రెండు గంటలలో ముప్పావు గంట దానికే ఇవ్వమని నా సలహా.


నాగావళి (రాయగడ)

రుషికుల్య గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు, చివరి వాక్యంతో మాత్రం ఉంది. మహేంద్రతనయ గారూ, మీరు ఎక్కువ సమయం ఇవ్వవలసినది 1979 నవంబర్‌లో వచ్చిన 'మెషిన్ గన్ ఎటికెట్'కు. మీ మిత్రుల ప్రశ్నకు సమాధానం ఆ ఆల్బమ్‌లోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ బృందపు చరిత్రను వచ్చినవారి పేర్లతో చెబితే మీరన్నట్లు జాబితాగానే మిగులుతుంది. ఖాళీ అయిన స్థానంలోకి ఎవరు జరిగారు, ఆ జరగడం వల్ల ధ్వని ఎలా మారింది అన్న దారిలో చెబితే అది కథ అవుతుంది. బ్రయాన్ జేమ్స్ లేకుండా తక్కిన ముగ్గురూ తిరిగి కలిసినప్పుడు, బయటి నుంచి ఒక గిటారిస్టును తెచ్చుకోలేదు. బేస్ వాయిస్తున్న కెప్టెన్ సెన్సిబుల్ గిటారు అందుకున్నాడు. అంతవరకు జేమ్స్ రాసిన పాటల కింద బేస్ వాయిస్తూ ఉన్న మనిషి లోపల అరవైల నాటి సైకెడెలిక్ (కలలోకంలా భ్రమ గొలిపే) సంగీతం పట్ల, ఆర్గన్ మోతల పట్ల, తీయని రాగాల పట్ల ఎంతటి ప్రేమ దాగి ఉన్నదో అప్పుడు గానీ లోకానికి తెలియలేదు. జేమ్స్ వెళ్లకపోయి ఉంటే ఆ స్వరకర్త బయటపడడానికి చోటే ఉండేది కాదు.

తిరిగి కలిసిన తొలి రోజులలో పేరు మీద హక్కు వారికి లేదు కనుక ది డూమ్డ్ అన్న పేరుతో వాయించారు, ఒక ప్రదర్శనలో మోటర్‌హెడ్ అనే రాక్ బృందం నాయకుడు లెమ్మీ వీరి పక్కన నిలబడి బేస్ వాయించాడు. హెన్రీ బడోస్కీ ఆ బేస్ స్థానంలో కొద్దికాలం ఉన్నాడు. ఆ తరువాత ఆస్ట్రేలియా బృందం ది సెయింట్స్‌తో వాయించి వచ్చిన ఆల్జీ వార్డ్ చేరాడు. 'లవ్ సాంగ్' మొదట్లో వినిపించే కరకరలాడే బేస్ ఆయనదే. గిటారు కంటే ముందు, గాయకుడి కంటే ముందు, కొత్తగా వచ్చిన మనిషి చేతి శబ్దంతో పాట మొదలుపెట్టడం చూడండి. ఆ పాట 1979లో బ్రిటిష్ అమ్మకాల పట్టికలో 20వ స్థానానికి చేరింది, జేమ్స్ కాలంలో ఏ సింగిల్‌కూ అంత ఆదరణ దక్కలేదు. 'స్మాష్ ఇట్ అప్' రెండు భాగాలలో మొదటిది మాటలు లేని నెమ్మది గిటారు వాద్యం. పంక్ అంటే వేగమూ అరుపులూ మాత్రమే అనుకునే మీ శ్రోతలకు ముందు ఆ మొదటి భాగాన్ని వినిపించి, కొంచెం ఆగి, రెండవ భాగాన్ని వినిపించండి.

ఆ ఆల్బమ్‌ను వెసెక్స్ స్టూడియోలో రికార్డు చేస్తున్న రోజులలో ది క్లాష్ అక్కడే తమ 'లండన్ కాలింగ్'ను చేస్తూ ఉన్నారు. జో స్ట్రమర్, మిక్ జోన్స్ వచ్చి 'మెషిన్ గన్ ఎటికెట్' పాటలో వెనుక గొంతులు కలిపారు. ఒకే కప్పు కింద రెండు బృందాలూ పంక్ హద్దులను దాటుకుంటూ ఉన్న ఆ సందర్భాన్ని తప్పక చెప్పండి.

బేస్ స్థానం గురించి మరొక విషయం ఉంది, అది నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. తొలి ఆల్బమ్ వెనుక అట్ట మీద, స్టిఫ్ సంస్థ ప్రచారం కోసం కావాలనే, డ్యామ్డ్ ఫొటోకు బదులు ఎడ్డీ అండ్ ది హాట్ రాడ్స్ అనే వేరే బృందం ఫొటో ముద్రించి, పొరపాటు జరిగిందని చీటీ అంటించి అమ్మింది. ఆ ఫొటోలో ఉన్న బేస్ వాద్యకారుడు పాల్ గ్రే. 1980లో ఆల్జీ వార్డ్ వెళ్లి ట్యాంక్ అనే హెవీ మెటల్ బృందాన్ని స్థాపించుకున్నప్పుడు, డ్యామ్డ్‌లో ఆ స్థానంలోకి వచ్చినది ఆ పాల్ గ్రేనే. తాను సభ్యుడు కాకముందే ఆ బృందపు రికార్డు అట్ట మీద ఉన్న మనిషి ఆయన.

గ్రే రాకతో వచ్చిన 'ది బ్లాక్ ఆల్బమ్' రెండు రికార్డుల సంపుటి. అందులో 'కర్టెన్ కాల్' పదిహేడు నిమిషాల పాట. మూడేళ్ల క్రితం రెండు నిమిషాలలో పాట ముగించిన బృందం ఒక రికార్డు పక్క మొత్తాన్ని ఒకే పాటకు ఇచ్చిందంటే దానికి కారణం గ్రే బేస్ నడక అని నా అభిప్రాయం. ఆ నడక ఒకే స్వరాన్ని పట్టుకుని ఉండదు, పాటలో మరో రాగంలా సాగుతుంది, అందువల్ల పాట పొడుగైనా విసుగు రాదు. మీ శ్రోతలకు పరిచయమైన పేరు ఒకటి కూడా ఇందులో ఉంది. 'ది హిస్టరీ ఆఫ్ ది వరల్డ్' మొదటి భాగానికి నిర్మాణంలోనూ సింథసైజర్‌లోనూ సహకరించినవాడు హాన్స్ జిమ్మర్, అప్పటికి సినిమా సంగీతంలో పేరు రాని యువకుడు.


కొలాబు (జయపురం)

పెద్దలిద్దరూ 1977, 1979 మధ్య తూకం వేస్తున్నారు. వేనియన్ గొంతు గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు కష్టంగా అనిపించి రాస్తున్నాను.

1976 నుంచి నేటి వరకు ఈ బృందపు ప్రతి ఆల్బమ్‌లోనూ ఉన్న ఏకైక వ్యక్తి డేవ్ వేనియన్. ఆయన తొలి ఆల్బమ్‌లో అందరిలాగే తొందరగా, గట్టిగా పాడాడు. ఆయన గొంతులో ఉన్న లోతు, మంద్రస్థాయిలో ఆయనకు ఉన్న నిలకడ బయటికి రావడానికి చుట్టూ ఉన్నవారు మారవలసి వచ్చింది. నాగావళి గారు చెప్పిన సూత్రాన్నే నేను ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళతాను.

1982లో కెప్టెన్ సెన్సిబుల్ సొంతంగా పాడిన 'హ్యాపీ టాక్', పాత సంగీత రూపకంలోని ఒక పాట, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఒకే మనిషి ఒక పక్క పిల్లలు కూడా పాడుకునే పాటతో టీవీలలో కనిపిస్తూ, మరొక పక్క డ్యామ్డ్‌లో గిటారు వాయిస్తూ ఎంతకాలం ఉండగలడు? అదే ఏడాది వచ్చిన 'స్ట్రాబెరీస్' ఎంతో చక్కని ఆల్బమ్, కానీ తరువాత గ్రే వెళ్లాడు, 1984లో కెప్టెన్ కూడా వెళ్లిపోయాడు. మళ్లీ అదే జరిగింది. అప్పటివరకు కీబోర్డులు వాయిస్తున్న వేల్స్ యువకుడు రోమన్ జగ్ గిటారు స్థానంలోకి జరిగాడు, ఆయన పాత మిత్రుడు బ్రిన్ మెరిక్ బేస్ అందుకున్నాడు. కీబోర్డు వాద్యకారుడి చేతిలో గిటారు పాటను కమ్ముకోదు. చోటు వదులుతుంది. ఆ వదిలిన చోటులోకి వేనియన్ గొంతు వచ్చి నిలబడింది.

1985లో వచ్చిన 'ఫాంటస్మగోరియా' బ్రిటిష్ పట్టికలో 11వ స్థానానికి చేరింది. 1986 ఆరంభంలో వచ్చిన 'ఎలాయిజ్' 3వ స్థానానికి వెళ్లింది, ఈ బృందపు సింగిల్స్‌లో అంత ఎత్తుకు వెళ్లినది మరొకటి లేదు. చీకటి ఛాయలతో, గంభీరంగా సాగే ఈ ధోరణిని గోథిక్ శైలి అని పిలుస్తారు. పంక్ అభిమానులలో చాలామంది ఈ దశను డ్యామ్డ్‌గా అంగీకరించరని నాకు తెలుసు. అయినా మీ పర్లాకిమిడి శ్రోతలు పద్యం విని పెరిగినవారు కనుక, సాగదీసి, గొంతు నింపుకుని పాడిన 'ఎలాయిజ్' వారికి తక్కిన అన్ని పాటల కంటే ముందుగా చేరువవుతుంది. నా సలహా ఏమిటంటే దీనితోనే మొదలుపెట్టి వెనక్కి నడవండి. 1986 నుంచి 1979కి, అక్కడి నుంచి 1976కి వెళితే, ఒక్కొక్క మనిషినీ తీసివేస్తూ చివరికి ఆ నలుగురి దగ్గరికి చేరతారు. అప్పుడు 'న్యూ రోజ్' ఎంత దిట్టమైన పాటో అర్థమవుతుంది.


రుషికుల్య (బరంపురం)

కొలాబు గారి వెనక్కి నడిచే ఆలోచన నన్ను ఆకట్టుకున్నది, కానీ 'ఎలాయిజ్'తో మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. అది వారి సొంత పాట కాదు. 1968లో బ్యారీ రయాన్ పాడగా ప్రజాదరణ పొందిన పాట, రాసినవాడు ఆయన సోదరుడు పాల్ రయాన్. "పాటలు రాసినవాడు వెళ్లిపోతే అదే బృందమా" అని అడిగిన పెద్దమనిషికి, మొట్టమొదటగా ఇతరుల పాటను వినిపించడం ఆయన అనుమానాన్ని నిజం చేసినట్లే అవుతుంది. ఆ దశ నుంచి మొదలుపెట్టాలంటే 'షాడో ఆఫ్ లవ్' వినిపించండి, అది వారు స్వయంగా రాసుకున్నది, వేనియన్ గొంతుకు కొలాబు గారు చెప్పిన గుణాలన్నీ అందులోనూ ఉన్నాయి.

ఆ దశకు ఉన్న బలహీనతను కూడా చెప్పడం ధర్మం. 1986లోనే వచ్చిన తరువాతి ఆల్బమ్ 'ఎనీథింగ్'లో అదే పద్ధతి పలచబడింది, వారి రికార్డులు విడుదల చేస్తున్న ఎంసీఏ సంస్థతో సంబంధం తెగింది, దశాబ్దం చివరికి బృందమే చెదిరిపోయింది. ఒక స్థానం ఖాళీ అయిన ప్రతిసారీ మంచే జరిగిందని చెప్పడం సరికాదు. 1979లో జరిగిన మార్పు ఒక స్వరకర్తను బయటపెట్టింది. 1984లో జరిగిన మార్పు ఒక గాయకుడిని బయటపెట్టింది, కానీ ఆ గాయకుడికి తగినన్ని పాటలు సమకూర్చే చేయి లేకుండా పోయింది.

నాగావళి గారితో మాత్రం ఒక విషయంలో ఏకీభవిస్తున్నాను. ఆయన రాసినది చదివిన తరువాత 'మెషిన్ గన్ ఎటికెట్'ను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ విన్నాను. ముప్పావు గంట దానికి ఇచ్చినా నేను అభ్యంతరం చెప్పను. తొలి ఆల్బమ్ దాదాపు అరగంటే కనుక రెండింటికీ చోటు దొరుకుతుంది.


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కార్యక్రమం ఇప్పుడు ఒక రూపానికి వచ్చింది. 'షాడో ఆఫ్ లవ్'తో మొదలుపెట్టి, 'ది బ్లాక్ ఆల్బమ్' నుంచి 'కర్టెన్ కాల్' తొలి భాగం వినిపించి, 'మెషిన్ గన్ ఎటికెట్' దగ్గర ఎక్కువసేపు నిలిచి, చివరికి తొలి ఆల్బమ్‌కు చేరుకుంటాను. ప్రతి దశలోనూ వాయిద్యం చేతులు మారిన సంగతిని మాత్రమే చెబుతాను: జగ్ కీబోర్డు నుంచి గిటారుకు, కెప్టెన్ బేస్ నుంచి గిటారుకు. కొద్దిరోజులే ఉన్నవారి పేర్లను ఎవరైనా అడిగితే తప్ప ఎత్తను.

నేను ఈ వరుసను మా పెద్దాయనకు ముందుగా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, మరొక ప్రశ్న వేశారు: "గిటారు, బేస్ ఇన్ని చేతులు మారినా నిలబడింది సరే, డ్రమ్స్ సంగతి ఏమిటి? తాళం మారితే పాట మారదా?" స్కేబీస్ 1990ల తరువాత బృందంలో లేడని మాత్రమే నాకు తెలుసు. ఆ తరువాతి కథను, 2022లో తొలి నలుగురూ తిరిగి కలిసిన సంగతితో సహా, ఎవరైనా వివరించగలరా?


నాగావళి (రాయగడ)

పెద్దాయన చెవి చాలా సూక్ష్మమైనది. ఈ బృందం నిజంగా ఎక్కువకాలం వెలితిగా ఉన్నది డ్రమ్స్ స్థానంలోనే.

1990ల ఆరంభంలో స్కేబీస్, వేనియన్ కలిసి కొత్త వాద్యకారులతో బృందాన్ని మళ్లీ నడిపి, 1995లో 'నాట్ ఆఫ్ దిస్ ఎర్త్' అనే ఆల్బమ్ తెచ్చారు. ఆ రికార్డుల వ్యవహారంలో అభిప్రాయ భేదాలు వచ్చి ఇద్దరూ విడిపోయారు. 1996లో వేనియన్, కెప్టెన్ తిరిగి చేతులు కలిపారు, ఆ జోడీ అప్పటి నుంచి ఇప్పటివరకు విడిపోలేదు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే గోథిక్ బృందంలో పేరు పొందిన పట్రీషియా మారిసన్ బేస్ వాద్యకారిణిగా చేరింది, వేనియన్‌ను వివాహం చేసుకున్నది కూడా ఆమెనే. 2001లో వచ్చిన 'గ్రేవ్ డిసార్డర్'లో ఆమె బేస్ వినిపిస్తుంది. ఆ ఆల్బమ్‌ను విడుదల చేసినది అమెరికా బృందం ది ఆఫ్‌స్ప్రింగ్ గాయకుడు డెక్స్టర్ హాలండ్‌కు చెందిన నైట్రో సంస్థ. ది ఆఫ్‌స్ప్రింగ్ అంతకుముందే 'స్మాష్ ఇట్ అప్'ను తమ గొంతుతో పాడి ఉన్నారు. అంటే వీరి పాటలు విని పెరిగిన తరం వీరికి ఆసరాగా నిలబడే కాలం వచ్చింది.

1999 నుంచి రెండు దశాబ్దాల పాటు డ్రమ్స్ వాయించినవాడు పించ్. ఆయన పనిని తక్కువ చేయడం అన్యాయం. తాళం బిగువుగా, వేగంగా, తప్పు లేకుండా ఉంటుంది. 2018లో డేవిడ్ బోవీ రికార్డుల నిర్మాతగా ప్రసిద్ధుడైన టోనీ విస్కాంటీ నిర్మించిన 'ఈవిల్ స్పిరిట్స్' బ్రిటిష్ పట్టికలో 7వ స్థానానికి చేరింది, నాలుగు దశాబ్దాల చరిత్రలో ఈ బృందం ఆల్బమ్ మొదటి పదింటిలోకి వెళ్లడం అదే మొదటిసారి, అందులో డ్రమ్స్ పించ్‌వే. అప్పటికి పాల్ గ్రే కూడా తిరిగి వచ్చి ఉన్నాడు. అయినా మీ పెద్దాయన అడిగిన దానికి నా జవాబు అవుననే. స్కేబీస్ వాయింపులో తాళం అంచు దాటిపోతుందేమోనన్న ఉద్వేగం ఎప్పుడూ ఉంటుంది, పించ్ వాయింపులో ఆ భయం ఉండదు. ఈ తేడాను మాటలతో చెప్పడం కంటే 'న్యూ రోజ్' పాత రికార్డును, 2000ల తరువాతి ఏదైనా వేదిక రికార్డింగును ఒకదాని వెంట ఒకటి వినిపించండి.

తొలి నలుగురూ 2021లోనే కలిసి ప్రదర్శనలు ఇవ్వవలసి ఉండగా కోవిడ్ వల్ల వాయిదా పడి, 2022 అక్టోబర్, నవంబర్ నెలలలో బ్రిటన్‌లో కొన్ని వేదికల మీద జరిగాయి. కెప్టెన్ ఆ ప్రదర్శనలలో గిటారును పక్కన పెట్టి, మళ్లీ బేస్ అందుకున్నాడు. దశాబ్దాల పాటు తాను నడిపించిన స్థానాన్ని దాని తొలి యజమానికి అప్పగించి తన పాత చోటుకు వెళ్లి నిలబడ్డాడు. ఆ తరువాత, 2023లో 'డార్కడెలిక్' ఆల్బమ్ వేరొక డ్రమ్మర్‌తో వెలువడిన ఏడాదిలోనే, స్కేబీస్ బృందంలోకి తిరిగి వచ్చాడు. బ్రయాన్ జేమ్స్ 2025 మార్చి 6న మరణించాడు, కనుక ఆ నలుగురి కలయిక ఇక సాధ్యం కాదు.

మీ వరుసకు ఒక్క చేర్పు సూచిస్తాను. తొలి ఆల్బమ్‌కు చేరిన తరువాత 'నీట్ నీట్ నీట్' మొదటి కొన్ని క్షణాలు వినిపించండి. ఆ పాటను ఎత్తుకునేది కెప్టెన్ బేస్. అంతకుముందే 'లవ్ సాంగ్' మొదట్లో ఆల్జీ వార్డ్ బేస్ విని ఉంటారు కనుక, అదే స్థానంలో ఇద్దరు మనుషులు పాటను ఎలా ఎత్తుకున్నారో పెద్దాయనే గుర్తుపడతారు, మీరు వివరించవలసిన పని ఉండదు.